తడిసింది ఎవరి పక్క

యుద్ధం జరుగుతున్న రోజులవి. మేము నరసరావుపేటలో ఉండేవాళ్ళం. మా ఆయన ఒక వకీలు దగ్గర గుమాస్తా. మా మామగారు కట్టించిన ఇంటికి ఆయన పోయాక మధ్యలో గోడ పెట్టి అన్నదమ్ములిద్దరూ చెరి సగం తీసుకున్నారు. అటు సగంలో మా బావగారు, మా తోడికోడలు, వాళ్ళ పిల్లలు. ఇటు సగంలో మేము. పెరడూ, అందులోని చేదబావీ మాత్రం రెండిళ్ళకూ ఒకటే. మా అత్తగారు మొదట వాళ్ళవైపు ఉండేది. నాకు రెండో కాన్పులో మగపిల్లవాడు పుట్టాక, పసివాణ్ణి చూసుకోవడానికి మనిషి కావాలి గదా అని తన మంచం తనే మోయించుకుని మా వైపుకు వచ్చేసింది. అప్పుడు నాకు అది సంతోషంగానే అనిపించింది.

మా పెద్దది ఆడపిల్ల. అప్పటికి దానికి నాలుగు నిండి ఐదు నడుస్తున్నది. మూడో ఏడు పూర్తికాకముందే పక్క తడపడం మానేసిన పిల్ల అది. అది ఊరికే జరగలేదు. దీపం తగ్గించే ముందు చంకనేసుకుని పెరట్లో తూము దగ్గరికి తీసుకుపోయేదాన్ని. తెల్లవారుజామున మళ్ళీ లేపేదాన్ని. తడపని రోజున పొద్దున్నే బెల్లంముక్క చేతిలో పెట్టేదాన్ని. పోనుపోనూ అదే నా భుజం పట్టుకుని కుదిపి "అమ్మా, ఉచ్చ" అనడం నేర్చుకుంది. నేను పురిటికి పుట్టింటికి వెళ్ళి ఉన్నన్నాళ్ళూ మా అమ్మ పక్కనే పడుకునేది. ఒక్కనాడు కూడా పక్క తడపలేదు.

మేము తిరిగి వచ్చాక పసివాడితో నేను గదిలో పడుకునేదాన్ని. పిల్లను నడిమింట్లో నాయనమ్మ పక్కన, ఆమె నులక మంచం మీదే పడుకోబెట్టాం. కొన్నాళ్ళు బాగానే గడిచింది. దసరా వెళ్ళి చలి మొదలైన రోజుల్లో ఒక పొద్దున మా అత్తగారు కేకేసింది.

"ఏమే, ఇటొచ్చి చూడు. నీ కూతురు చేసిన పని."

వెళ్ళి చూస్తే బొంత తడిసి ఉంది. మంచం కింద నాపరాయి మీద చిన్న మడుగు. పిల్ల మంచం దిగి గోడకు ఆనుకుని నిలబడి నా మొహం చూస్తున్నది. ఏదో చలికి పోసుకుందిలే అనుకుని బొంత తీసుకెళ్ళి బావి దగ్గర ఉతికి పిట్టగోడ మీద ఆరేశాను. రెండు రోజులాగి మళ్ళీ అదే కేక. ఆ తర్వాత అది మామూలైపోయింది.

ఆ రోజుల్లో బొంత ఉతకడం అంటే చిన్న పని కాదు. పాత చీరలు మడతలు మడతలుగా వేసి కుట్టిన బొంత తడిస్తే ఒక్క మనిషి ఎత్తలేదు. మా బావి లోతు. చేంతాడు లాగీలాగీ అరచేతులు బొబ్బలెక్కేవి. గుడ్డకు కంట్రోలు వచ్చి కొత్త దుప్పటి కొనుక్కునే వీలు కూడా లేదు. బొంత పిట్టగోడ మీద పడగానే గోడకు అటువైపు పిల్లలకు తెలిసిపోయేది. "తడిబొంతా, తడిబొంతా" అని మా పిల్లకు పేరు పెట్టారు. అందరికంటే గట్టిగా అరిచేవాడు మా తోడికోడలి చిన్నకొడుకు.

ఎందుకిలా అవుతున్నదో ఇంట్లో తలా ఒక మాట చెప్పారు. మా ఆయన లెక్క ప్రకారం తప్పంతా చీకటిది. యుద్ధానికి ముందు గూట్లో కోడిగుడ్డు దీపం రాత్రంతా వెలిగేది. ఇప్పుడు కిరసనాయిలు దొరక్క ఆర్పేస్తున్నాం గదా, భయపడి మంచం దిగడం లేదన్నాడు. వైద్యుడి దగ్గరికి తీసుకెళితే నాడి పట్టుకుని చూసి, "తమ్ముడు పుట్టాడు గదమ్మా. తల్లి పక్క పోయిందని పిల్లకు కడుపులో ఉంటది. ఇది మామూలే" అన్నాడు. నువ్వులూ బెల్లమూ దంచి రోజూ ఉండ పెట్టమన్నాడు. పొద్దుగూకాక మజ్జిగ ఇవ్వొద్దన్నాడు. మా అత్తగారు మాత్రం పిల్లకు ఎవరివో కళ్ళు తగిలాయని ఎర్రనీళ్ళు దిష్టి తీసి వీధిలో పారబోసింది. అలా పారబోస్తూ గోడకు అటువైపు చూసింది.

ఆ చూపు నా మనసులో పడింది.

చిమ్మిలి ఉండలు చేసి పెట్టాను. మజ్జిగ మాన్పించాను. ఆముదం దీపం చేసి గూట్లో పెట్టాను. పొద్దున చూస్తే దీపం ఆరి ఉంది, ఆముదం ప్రమిదలో నిండుగా ఉంది. అడిగితే, "వెలుగు కళ్ళల్లో పడితే నాకు నిద్ర పట్టదే. నేనే ఆర్పా" అన్నది మా అత్తగారు. పిల్లను నా దగ్గర చాప మీద పడుకోబెట్టుకుంటానన్నాను. "పసిగుడ్డు మీద పోస్తది. ఒళ్ళంతా తడిసి జలుబు చేసి వాడి ప్రాణం మీదకొస్తది. నా కాడే ఉండనీ, నేను పడతాలే" అన్నది. అంత పెద్దావిడ అంత ఓర్చుకుంటుంటే నేను కాదనలేకపోయాను.

మా అత్తగారు ఎలాంటి మనిషో చెప్పాలి. అరవై దాటినా నిటారుగా నడిచేది. వీధిలో ఆడవాళ్ళు తగువులు పడితే ఆమె దగ్గరికే వచ్చేవాళ్ళు. శుభ్రం విషయంలో ఆమెతో వేగడం కష్టం. తడికాళ్ళతో వంటింట్లోకి వస్తే ఊరుకునేది కాదు. అలాంటి మనిషి తడిసిన పక్క మీంచి లేచి, మనవరాలి మీద చెయ్యి చేసుకోకుండా, నన్ను పిలిచి చూపించి ఊరుకుంటున్నదంటే నాకు ఆశ్చర్యంగానే ఉండేది. అయితే ఒక్కటి చేసేది. వచ్చినవాళ్ళందరికీ చెప్పేది. కూరలమ్మే ఆవిడకూ చెప్పేది, చాకలికీ చెప్పేది. "మా మనవరాలు ఇంకా పక్క తడుపుతున్నదే, ఏం చెయ్యాలో" అని తనే ముందు ఎత్తేది.

పిల్ల మాటలు తగ్గిపోయాయి. ఎవరైనా వస్తే తలుపు వెనక్కి పోయేది. దాహమైనా నీళ్ళు అడగడం మానేసింది. పెదవులు ఎండిపోయి పగిలేవి. పొద్దున లేవగానే లంగా అంచు ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసుకునేది.

ఒకనాడు బొంత తీసుకుపోతుంటే నాకు ఒక సంగతి తట్టింది. దానికి వాసన లేదు. పసివాడి గుడ్డలు రోజూ ఉతికేదాన్ని, ఆ వాసన నాకు తెలియకుండా ఉండదు. ఈ తడి బావినీళ్ళ తడిలాగా ఉంది. పిల్ల లంగా పట్టుకుని చూశాను. వెనకవైపు అంచు తడిసింది, మిగతాదంతా పొడిగానే ఉంది. తన ఉచ్చే అయితే లంగా అంతా తడవాలి గదా.

అప్పుడు నాకు తోడికోడలి మీద అనుమానం వచ్చింది. ఇల్లు పంచుకున్నప్పుడు పెరటి తలుపు ఎవరివైపు ఉండాలనే దగ్గర మాటామాటా అనుకున్నాం. అత్తగారు వాళ్ళను వదిలి మా వైపుకు రావడం ఆమెకు తలవంపులుగా ఉంటుందనుకున్నాను. పెరటివైపు నుంచి నడిమింట్లోకి రావడం ఆమెకు కష్టమేమీ కాదు. తెల్లవారకముందే లేచే అలవాటు ఆమెకు ఉంది. పిల్లకు చెడ్డపేరు తేవాలని ఆమే వచ్చి నీళ్ళు పోస్తున్నదేమోనని నా బుర్రలో దూరింది. ఒకసారి దూరాక అన్నీ దానికి తగ్గట్టే కనిపించాయి. ఆమె బావి దగ్గర నన్ను చూసి నవ్వినా అందులో ఏదో ఉన్నట్టుండేది. నవ్వకపోయినా ఉన్నట్టుండేది. పెరటి తలుపుకు గడియ వేయడం మొదలుపెట్టాను. గడియ వేసినా బొంత తడిసింది. గోడ దూకి వచ్చిందనుకోవడానికి కూడా నాకు మనసొప్పింది.

చివరికి బావి దగ్గరే బయటపడ్డాను. బొంత పిండుతూ, ఆమె వినేటట్టు అన్నాను. "కొందరి చేతులు ఊరుకోవు. పసిపిల్ల మీద ఏం కక్షో."

ఆమె చేంతాడు వదిలేసి నా వైపు తిరిగింది. "ఏంది పిల్లా నువ్వనేది?"

"నేనేమన్నానక్కా. బొంతకు వాసన లేదు. నీళ్ళు ఎట్టా వచ్చినయ్యో అనుకుంటున్నా."

"నీ కూతురి మంచం తడపటానికి నేను నీళ్ళు మోసుకొస్తున్నానంటావా? తాగటానికే నీళ్ళు చాలక చస్తుంటే." కడవ చంకనెత్తుకుని రెండడుగులు వేసి ఆగింది. "బొంత వాసన చూసినావు గదా. ఎవురి కోక తడిసిందో అది గూడా చూసుకో" అని వెళ్ళిపోయింది.

ఆ మాటకు అర్థం నాకు వెంటనే తట్టలేదు. నన్నే అన్నదేమో, చేసిన తప్పు కప్పిపుచ్చుకోవడానికి ఏదో అనేసి పోయిందేమో అనుకున్నాను. కానీ మర్నాడు పొద్దున కళ్ళు తెరిచేసరికి పెరట్లో నీళ్ళ చప్పుడు వినబడింది. మా అత్తగారు అప్పటికే స్నానం చేసి, తన కోక తనే ఉతుక్కుని దండెం మీద వేస్తున్నది. అంతకుముందు ఆమె కోక ఉతకడం నా పని. ఎప్పటి నుంచి ఆమె ఉతుక్కుంటున్నదో నాకే తెలియదు. పసివాడి గొడవలో పడి చూసుకోలేదు. ఆలోచిస్తే ఇంకొన్ని కూడా గుర్తొచ్చాయి. పిల్లకు మజ్జిగ మాన్పించిన రోజు నుంచి తనూ రాత్రిపూట మజ్జిగ పోసుకోవడం లేదు. గుళ్ళో హరికథ అయితే అందరికంటే ముందు వెళ్ళి కూర్చునే మనిషి ఈ ఏడు ఒక్కదానికీ వెళ్ళలేదు.

అనుమానించడానికి కూడా నాకు సిగ్గేసింది. అత్తగారి గురించి అలాంటి సంగతి ఎవరితో అంటాం? మా ఆయనకు ఎలా చెబుతాం? కోర్టులో పనిచేసే మనిషి, సాక్ష్యం ఏదంటాడు. తల్లి మీద సాక్ష్యం అడిగితే నేనేం చూపించను?

మాఘమాసంలో గురజాలలో పెళ్ళి వచ్చింది. మా అత్తగారి తమ్ముడి కూతురి పెళ్ళి. ఆమె లేనిదే అక్కడ ఏ పనీ మొదలుపెట్టరు. అయినా తను రానన్నది. "మోకాళ్ళు పట్టేసినయ్యి. ఆ బొగ్గు బస్సులో కూర్చోలేను. మీరు పోయి రండి" అన్నది. ఆ తర్వాత ఇంకో మాట అన్నది. "పిల్లను గూడా నా కాడ వదిలేసి పో. పెళ్ళివారింట్లో పక్క తడిపిందంటే పరువు పోతది."

"తీసుకుపోతానత్తయ్యా. వాళ్ళమ్మమ్మ ఇంట్లో ఉన్నప్పుడు బాగానే ఉంది గదా" అన్నాను. ఆమె నా మొహంలోకి చూసింది. నేనూ చూశాను.

మా ఆయనకు కోర్టులో వాయిదాలున్నాయని ఇంట్లోనే ఉండిపోయాడు. పసివాణ్ణీ పిల్లనూ తీసుకుని నేను మా బావగారితో బయలుదేరాను. పెట్రోలు దొరక్క ఆ రోజుల్లో బస్సులు బొగ్గుతో నడిచేవి. వెనక కుంపటి లాంటిది కట్టి ఉండేది, ఎత్తు వస్తే అందరం దిగి నడిచేవాళ్ళం. దారి పొడుగునా కళ్ళాల్లో మిరపకాయలు ఎర్రగా ఎండుతున్నాయి. పిల్ల చాలా రోజుల తర్వాత నోరు విప్పి అవేంటి ఇవేంటి అని అడిగింది.

పెళ్ళివారింట్లో వసారా అంతా చాపలు పరిచారు. నేను పిల్లను నా పక్కనే పడుకోబెట్టుకున్నాను. కావాలనే, పడుకునే ముందు చెంబెడు నీళ్ళు తాగించాను. పొద్దున చాప తడిమి చూస్తే పొడిగా ఉంది. ఆ మర్నాడూ అంతే. పెళ్ళి నాడు పానకం తాగింది, పుచ్చకాయ తిన్నది, ఆడి ఆడి ఒళ్ళు తెలియకుండా పడుకుంది. అయినా పొడిగానే ఉంది. లేచి లంగా వాసన చూసుకుని, "అమ్మా, పోసుకోలా" అన్నది రహస్యంగా. నేను దాన్ని దగ్గరికి తీసుకున్నాను గానీ మనసు అక్కడ లేదు. నా అనుమానం నిజమవుతున్నందుకు సంతోషించాలో ఏడవాలో తెలియలేదు.

పెళ్ళి అయ్యాక మిట్టమధ్యాహ్నం వేళ ఇంటికి చేరాం. వీధి మలుపు తిరగ్గానే పెరటి పిట్టగోడ కనిపిస్తుంది. దాని మీద బొంత ఆరేసి ఉంది. పిల్ల కూడా చూసింది. నా చెయ్యి గట్టిగా పట్టుకుని, "నేను కాదు, నేను ఊళ్ళో లేను" అన్నది.

"నువ్వు కాదమ్మా. నాకు తెలుసు" అన్నాను.

మా ఆయన కచ్చేరీకి వెళ్ళాడు. అత్తగారు వెనక వసారాలో కూర్చుని చేటలో కందిపప్పు ఏరుతున్నది. పిల్లను ఆడుకోవడానికి పంపి, పసివాణ్ణి ఉయ్యాల్లో వేసి, వెళ్ళి ఆమె ఎదురుగా కూర్చున్నాను. పెళ్ళి సంగతులు అడిగింది, చెప్పాను. తర్వాత అన్నాను.

"బొంత ఎండేశారేందత్తయ్యా?"

"నల్లులు పట్టినయ్యి."

"నల్లులు పడితే మంచం ఎండేస్తారు. బొంత తడిపినారెందుకు?"

ఆమె పప్పు ఏరడం ఆపలేదు. వేళ్ళు మాత్రం ఉత్తినే కదులుతున్నాయి, రాయి ఒకటీ తీయడం లేదు. తల ఎత్తకుండానే అడిగింది. "మావాడికి చెప్పినావా?"

"లేదు."

"చెప్తావా?"

"పిల్ల మీద ఎందుకు పెట్టారత్తయ్యా?"

"చిన్నపిల్ల. దాన్నెవురేమంటారే. పోసుకుందంటే నవ్వి ఊరుకుంటారు. నన్నయితే ఊరుకుంటారా?" చేట పక్కన పెట్టింది. "మా అత్తకు ఇట్టాగే అయింది. మీ మామ ఆమె మంచం గొడ్ల చావిట్లో వేయించాడు. అన్నం నేనే తీసుకుపోయేదాన్ని. ముక్కు మూసుకుని, గిన్నె గుమ్మం కాడ పెట్టి వచ్చేదాన్ని. ఆమె నా మొహం చూసేది. ఏమీ అనేది గాదు, చూసేది. అది నాకు మతికొచ్చి నిద్ర పట్టదు."

నాకు కోపం వచ్చింది, జాలీ వచ్చింది. ఏది ముందో చెప్పలేను. "దాన్ని ఎవురూ ఏమీ అనరన్నారు. అంటానే ఉన్నారు గదా. అది నీళ్ళు తాగటం మానేసింది. మీరే గదా కూరలామెకు గూడా చెప్పింది" అన్నాను.

"నేను చెప్పకపోతే వాళ్ళు నన్ను అనుమానిస్తారని" అన్నది. నీళ్ళు పోసి వాసన లేకుండా చేసిందీ, దీపం ఆర్పిందీ అంతా తనేనని ఒప్పుకుంది. ఆ తర్వాత కోక చెంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. ఆమె ఏడవడం నేను చూసింది అప్పుడే.

"మిమ్మల్ని ఏ చావిట్లోనూ వెయ్యను. ఆయనకు గూడా చెప్పను. కానీ పిల్ల మీద ఇంక మాట పడకూడదు. దానికి మీరే చెప్పాలి" అన్నాను. ఆమె తల ఊపింది.

ఆ సాయంత్రమే పక్కలు మార్చాం. నాయనమ్మకు మోకాళ్ళ నొప్పి, పిల్ల కాళ్ళు తన్నుతున్నదని చెప్పి పిల్లకు నా గదిలో వేరే చాప వేశాను. మా ఆయన మా ఇద్దరివైపూ చూసి, "అత్తా కోడలూ ఒక్కమాట మీద ఉన్నారంటే ఏదో ఉన్నట్టే" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు గానీ కాసేపు చూపు తిప్పలేదు. పసివాడి కోసం మా అమ్మ ఇచ్చిన మైనపు గుడ్డ అత్తగారి మంచం మీద పరిచి, దాని మీద మెత్తటి పాత చీర ముక్కలు మందంగా వేశాను. పొద్దున ఆ ముక్కలు మాత్రం తీసి పసివాడి గుడ్డల్లో కలిపి ఉతికేసేదాన్ని. పసివాడున్న ఇంట్లో దండెం నిండా గుడ్డలుంటే ఎవరు లెక్కపెడతారు? మంచం పక్కన మూకుడు పెట్టిన మట్టి కుండ ఒకటి ఉంచాను, రాత్రిపూట తూము దాకా నడవక్కర్లేకుండా. దానితోనే ఆమెకు సగం ఇబ్బంది తగ్గింది. చీకట్లో గుమ్మాలు దాటి వెళ్ళేలోపే అయిపోతుందని భయపడి, ఆ భయంతోనే ఆపుకుని పడుకునేదట.

అంతటితో అయిపోతుందనుకున్నాను. కాలేదు. కొన్ని రోజులకు పిల్ల చాప తడిసింది.

వెంటనే నాకు ఏమనిపించిందంటే, తన మీద మాట రాకుండా అత్తగారే వచ్చి నీళ్ళు పోసిందని. చాప మీదికి వంగి వాసన చూశాను. నీళ్ళు కావు. లంగా అంతా తడిసి ఉంది. ఈసారి నిజంగా పిల్లే. నేను తప్పు పట్టానా, మొదటి నుంచీ ఇద్దరూ తడుపుతున్నారా, ఆమె ఏడుపు కూడా నాటకమా అని తల తిరిగింది. అత్తగారు గుమ్మంలో నిలబడి చాప వైపు చూసింది. "నేను నీ గదిలోకి రాలేదే" అన్నది. నేను అడగకముందే అన్నది.

అప్పుడే ఆమె మాట నిలబెట్టుకుంది. పిల్లను ఒళ్ళో కూర్చోబెట్టుకుని తల నిమురుతూ చెప్పింది. "నువ్వు కాదు తల్లీ. అన్నాళ్ళూ మంచం తడిపింది నేను. ముసలిదాన్నయినా గదా, ఆగటం లా. నీ మీద పెట్టినా. నువ్వు మంచిదానివి."

పిల్ల ఆమె మొహంలోకి తేరిపార చూసింది. "కాదు. నేనే" అన్నది.

"నువ్వు కాదే. నేను."

"పెద్దోళ్ళు పోసుకోరు. నేనే పోసుకున్నా" అని ఒళ్ళోంచి దిగి వెళ్ళిపోయింది. ఓదార్చడానికి అబద్ధం చెబుతున్నారనుకుంది. మా అత్తగారు ఖాళీ ఒడిలోకి చూసుకుంటూ ఉండిపోయింది.

ఆ మీదట నేను చేసింది చాలావరకు మానడమే. చిమ్మిలి మానేశాను. దిష్టి మాన్పించాను. దాహమైనప్పుడల్లా నీళ్ళు తాగమని నేనే చెంబు ఇచ్చేదాన్ని. తడిసిన పొద్దున కేక లేదు, పిలిచి చూపించడం లేదు. మాట్లాడకుండా లంగా మార్చి, చాప తుడిచి లోపలే ఆరబెట్టేదాన్ని. తడవని పొద్దున కూడా మెచ్చుకోలేదు. మెచ్చుకుంటే తడిసిన రోజు గుర్తొస్తుందని. మొదట్లో ఆ మౌనాన్ని కూడా పిల్ల నమ్మలేదు. నేను చాప తుడుస్తుంటే ఎప్పుడు తిడతానా అని దూరంగా నిలబడి చూసేది. ఎండాకాలం వెళ్ళేలోగా ఎప్పుడో ఆ చూడటం మానేసింది. తడపడమూ మానేసింది. ఏ రోజు మానిందో నాకు తెలియదు, తెలియకపోవడమే మంచిదైంది.

అటువైపు పిల్లల అరుపులు ఆపించింది మా తోడికోడలే. బావి దగ్గర నేను ఆమెతో మళ్ళీ మాట కలపడానికి చాలా రోజులు పట్టింది. "నీకు ముందే తెలుసు గదక్కా" అని ఒకనాడు అడిగాను.

"తెలియక ఏందే. మా కాడున్నప్పుడు మా చిన్నోడి మీద పెట్టింది. వాణ్ణి వాళ్ళ నాన్న బెత్తంతో కొట్టినాడు. నేను కనిపెట్టి అడిగితే మర్నాడే మంచం ఎత్తించుకుని మీ కాడికొచ్చింది."

"మరి నాకు చెప్పలేదేం?"

"చెపితే నమ్మేదానివా? నేనే వచ్చి నీళ్ళు పోస్తన్నాననుకున్నదానివి." కడవ ఎత్తుకుంటూ అన్నది, కోపం లేకుండానే. ఆమె చిన్నకొడుకు మా పిల్లను అంత గట్టిగా ఎందుకు ఏడిపించేవాడో అప్పుడు అర్థమైంది. ఆ పేరు తన మీద నుంచి ఇంకొకరి మీదికి పోయిందని వాడి సంబరం.

అత్తగారు ఆ తర్వాత కొన్నేళ్ళు బతికింది. చివరిదాకా నడిమింట్లోనే ఉంది, చావిడి మాట ఎవరూ ఎత్తలేదు. హరికథలకు మళ్ళీ వెళ్ళింది గానీ గుంపులో కూర్చోకుండా చివర గుమ్మం పక్కన కూర్చునేది. నా మీద ఆమెకు ప్రేమ పెరిగిందో భయం పెరిగిందో నేను తేల్చుకోలేదు. మా ఆయనతో నేను గొంతు తగ్గించి ఏం మాట్లాడినా ఆమె పని ఆపి వినేది. నేనూ పూర్తిగా మారానని చెప్పను. ఇంట్లో ఏ వస్తువు కనబడకపోయినా, ఏ పిల్ల ఏడ్చినా, ముందు నా కళ్ళు ఆమె వైపే పోయేవి. రాజీ పడ్డాం గానీ నమ్మకం మాత్రం మళ్ళీ మునుపటిలా కుదరలేదు.

మా అమ్మాయికి ఇప్పుడు పిల్లలు, ఆ పిల్లలకు కూడా పిల్లలు. మనవడెవడైనా పక్క తడిపితే దాని కోడళ్ళు విసుక్కుంటుంటే, "ఊరుకోండి, నేను ఆరో ఏడు వచ్చేదాకా తడిపాను, ఏమైంది" అని నవ్వుతూ చెబుతుంది. ఈ మధ్య ఒకసారి అది అలా చెప్పినప్పుడు నేను పక్కనే ఉన్నాను. ఇంక దాచడం దేనికని జరిగిందంతా చెప్పాను. గురజాల పెళ్ళి, ఆరేసిన బొంత, నాయనమ్మ ఏడవడం, తను ఒళ్ళోంచి దిగి వెళ్ళిపోవడం, అన్నీ చెప్పాను. ఓపిగ్గా విన్నది. విన్నాక నా మొహంలోకి పరీక్షగా చూసింది.

"నాయనమ్మ లేదు గదా అని నా తప్పు ఆమె మీదకు నెడుతున్నావా అమ్మా?" అని అడిగింది.